ఎవరి హయాంలో

"వంతెన ఊగుతోందని ఊరందరికీ తెలుసు కదా. మరి మీ చెల్లెలు దాని మీదికి ఎందుకెక్కింది?"

అడిగినవాడు జిల్లా ప్రాసిక్యూటరు. అడిగింది నెవ్యానా తోషెవాని. చెల్లెల్ని పూడ్చిపెట్టి అప్పటికి వారం కూడా కాలేదు. ఆయన బల్ల మీద కాఫీ ఉంది, పక్కన వేయించిన పొద్దుతిరుగుడు గింజల పొట్లం ఉంది. మధ్యమధ్యలో రెండు గింజలు నోట్లో వేసుకుంటున్నాడు.

"ఇంటికి రావడానికి," అంది నెవ్యానా.

"అది కాదమ్మా. పైన రోడ్డు వంతెన ఉంది. చుట్టూ తిరిగి రావచ్చు కదా అని."

"పొద్దుణ్ణుంచి మిషను మీద వంగి కుట్టిన మనిషి, చీకట్లో కొండ చుట్టూ తిరిగి రావాలంటారు. తమరు ఈ పూట ఆఫీసుకి నడిచొచ్చారా బాబూ?"

ఆయన కారు కింద గుమ్మంలోనే ఉంది. 'సాక్షి ఉద్రేకంగా ఉన్నారు' అని రాసుకున్నాడు. నెవ్యానా గొంతు పెంచలేదు. ఆమె గొంతు పెంచడం మా ఊళ్ళో ఎవరూ వినలేదు. కానీ మా దేశంలో జవాబు చెప్పిన పేదవాళ్ళందరూ ఉద్రేకంగానే ఉంటారు, కాగితాల మీద.

మాది స్తుబ్లెనా. బల్గేరియాలో ఎన్నికలప్పుడు తప్ప ఎవరికీ గుర్తురాని వాయవ్య మూల. ఊరు ఏటికి ఈవల, బట్టలు కుట్టే కార్ఖానా ఆవల. మధ్యలో మనుషులు నడిచే వేలాడే వంతెన. నెవ్యానా ఈవలి ఒడ్డున బేకరీలో పొయ్యి దగ్గర పనిచేస్తుంది. పెళ్ళయింది, మొగుడు పోయాడు, పిల్లల్లేరు. చెల్లెలు యోర్దాంకా అసలు పెళ్ళే చేసుకోలేదు. "నీ మొగుణ్ణి చూశాక బుద్ధొచ్చిందే అక్కా" అనేది, బావ బతికున్నప్పుడు ఆయన ముందే. ఇద్దరూ మూడో అంతస్తులో రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్ళు. యోర్దాంకా కుట్టిన చొక్కా కాలర్లు జర్మనీలో పెద్దమనుషుల మెడల మీదికెక్కేవి. ఆమె మెడకి మాత్రం ఏ శీతాకాలం చూసినా అదే ఆకుపచ్చ మఫ్లరు. పని నుంచి వచ్చి అక్కని చూసి, "ఒళ్ళంతా పిండేనే, ఇంత చీజు కూరి పొయ్యిలో పెడితే బానిత్సా అయిపోతావు" అనేది. ఇంట్లో నవ్వంటే అదే. ఇప్పుడు అదీ లేదు.

ఆ వంతెనని అప్పటికి మూడేళ్ళ కిందట బాగుచేశారు. బాగుచేశారని అప్పటి మేయరు వెసెలిన్ బుర్నాస్కి చెప్పాడు, మేము నమ్మాం. యూరప్ నిధులొచ్చాయి, కంట్రాక్టరొచ్చాడు, చెక్కలకి నీలం రంగు పడింది. ప్రారంభోత్సవానికి బ్యాండు మేళం వచ్చింది. పాదిరీ తులసి కట్టని నీళ్ళలో ముంచి వంతెన మీద చల్లాడు. ఎర్ర దుస్తుల అమ్మాయి మా ఆచారం ప్రకారం స్వాగతానికి రొట్టె, ఉప్పు పట్టుకుని నిలబడితే బుర్నాస్కి ముక్క తుంచి, ఉప్పులో అద్ది తిన్నాడు. ఆ రొట్టె కాల్చింది నెవ్యానాయే. జనంలో నిలబడ్డ యోర్దాంకా వంతెన వైపు చూసి, "ముసల్దానికి లిప్‌స్టిక్ పూసినట్టుంది. తాళ్ళు మాత్రం అవే పాత తాళ్ళు," అంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

వంతెన మొదట్లో ఇత్తడి పలక బిగించారు. 'మేయర్ వెసెలిన్ బుర్నాస్కి హయాంలో నూతనంగా నిర్మించబడినది.' ఇది మా దగ్గర పాత ఆచారం. చర్చి గోడ మీద, నీళ్ళ కుళాయి మీద, బడి గుమ్మం మీద, ఎక్కడ చూసినా ఫలానావారి హయాంలో అని ఉంటుంది. రాయి మోసినవాడి పేరు ఎక్కడా ఉండదు. ఏలినవాడి పేరు ఉంటుంది. సరే, అలాగే కానివ్వండి అనుకుని తరాలుగా ఊరుకున్నాం.

రెండో చలికాలానికే వంతెన ఊగడం మొదలైంది. కార్ఖానా ఆడవాళ్ళు సంతకాలు పెట్టి మునిసిపాలిటీకి అర్జీ ఇచ్చారు. జవాబొచ్చింది: వంతెన ఇంకా గ్యారంటీ కాలంలోనే ఉంది కనుక సురక్షితం. ఆ జవాబుని యోర్దాంకా అక్కకి చదివి వినిపించి, "నేను ఏట్లో పడితే గ్యారంటీ కార్డు చూపించి కొత్త చెల్లెల్ని తెచ్చుకో," అంది.

నవంబరులో, సన్నని వాన పడుతున్న సాయంత్రం, షిఫ్టు వదిలిన వేళ, ఊరి వైపు తాడు తెగింది. ఐదుగురు ఆడవాళ్ళు పోయారు. క్రేను రావడానికి సగం రాత్రి పట్టింది. జిల్లా అంతటికీ ఒకటే క్రేనట, అది ఇంకెక్కడో పనిలో ఉందట. తెల్లారేసరికి ఇత్తడి పలక మాత్రం లేదు. నాలుగు స్క్రూల బొక్కలు మిగిలాయి. మనుషుల్ని తీయడానికి క్రేను దొరకని మునిసిపాలిటీకి పేరు తీయడానికి స్క్రూడ్రైవరు దొరికింది.

బుర్నాస్కి అప్పటికి సోఫియాలో ఉపమంత్రి. వంతెనలు, రోడ్లు చూసే శాఖే. నల్ల కోటు వేసుకుని వచ్చి పూలదండ పెట్టాడు. "మాటలకందని విషాదం. ఇది ఒకరినొకరు వేలెత్తి చూపుకునే సమయం కాదు," అని టీవీ వాళ్ళతో అన్నాడు. ఆ సమయం ఎప్పుడొస్తుందో ఏ నాయకుడూ ఇంతవరకు చెప్పలేదు. సంతాప దినం ప్రకటించారు. జెండా సగానికి దించారు. బాధ్యత మనందరిదీ అన్నారు. అందరిదీ అంటే ఎవరిదీ కాదన్నమాట. చదువుకున్నవాళ్ళు కనిపెట్టిన వాక్యాల్లో ఇంత నీచమైనది ఇంకొకటి లేదు. కార్ఖానాలో కాలర్లు కుట్టే మనిషిదీ, వంతెనకి డబ్బు మంజూరు చేసి పేరు చెక్కించుకున్న మనిషిదీ ఒకటే బాధ్యత ఎలా అవుతుంది? చివరికి కేసు పెట్టింది ఎవరి మీద? రిటైరవబోతున్న మునిసిపల్ ఇన్‌స్పెక్టరు మీద. ఆయన బుర్నాస్కి పెట్టమన్న చోట సంతకం పెట్టాడు. అంతకంటే పెద్ద నేరం చేసే హోదా ఆయనకెప్పుడూ రాలేదు.

నలభయ్యో రోజు దగ్గరపడింది.

మా ఊళ్ళో ఎవరైనా పోతే ఫొటో వేసి చావుకాగితం అచ్చేసి ఇంటి తలుపుకి, కరెంటు స్తంభాలకి, బస్టాపు గోడకి అంటిస్తారు. నలభయ్యో రోజుకి ఒకటి, ఆరు నెలలకి ఒకటి, ఏడాదికి ఒకటి, తర్వాత బతికున్నవాళ్ళకి ఓపికున్నంత కాలం. పేపరు చదవనివాడు కూడా చావుకాగితాలు చదువుతాడు. అంటించినదాన్ని ఎవరూ చింపరు. ఎండ, వాన చింపాలి, అంతే. ఎన్నికల పోస్టర్లు పీకే మునిసిపాలిటీ కూలీలు కూడా చావుకాగితం చుట్టూ జాగ్రత్తగా గీకి, దాన్ని వదిలేస్తారు.

శవపేటికలు అమ్మే స్పాస్ దుకాణంలోనే ఈ కాగితాలు అచ్చేస్తారు. నెవ్యానా వెళ్ళేసరికి అతను పద్యాల పుస్తకం తీశాడు.

"ఏ పద్యం వేద్దాం నెవ్యానక్కా? 'నువ్వు లేని ఇల్లు' అని ఒకటుంది, మంచి గిరాకీ. 'ఆరిన దీపం' ఉంది."

"పద్యం వద్దు. రాసుకో. యోర్దాంకా తోషెవా, వయసు యాభై ఒకటి. మేయర్ వెసెలిన్ బుర్నాస్కి హయాంలో నూతనంగా నిర్మించబడిన వంతెన కూలి మరణించినది."

స్పాస్ పెన్ను ఆపాడు. "అక్కా, ఇది చావుకాగితం కాదు. ఫిర్యాదు."

"ఫిర్యాదు ఇచ్చాం కదయ్యా. ఎవరు చదివారు? ఇదైతే చదువుతారు."

"నా దుకాణం లైసెన్సు మునిసిపాలిటీ చేతిలో ఉంది."

"వాళ్ళు మాత్రం చావకుండా ఉంటారా? నీ దగ్గరికి రాకుండా ఎక్కడికి పోతారు?"

స్పాస్ నవ్వాడు. "ఆ మాట నిజమే," అని అచ్చేశాడు. బుర్నాస్కి పేరు కాస్త పెద్ద అక్షరాల్లో వేశాడు, అడక్కుండానే.

నెవ్యానా మొదటిది ఇంటి తలుపుకి అంటించింది. రెండోది మునిసిపాలిటీ తలుపుకి. పాత ఓక్ చెక్క తలుపు, చక్కటి చెక్కడం ఉన్నది. ఊరంతా వచ్చి చదివింది. టోపీలు తీసి, చదివి, మళ్ళీ టోపీలు పెట్టుకుని వెళ్ళిపోయారు. ఆరో నెల వచ్చేసరికి మిగతా నలుగురి ఇళ్ళవాళ్ళూ స్పాస్ దగ్గరికి వెళ్ళి, "నెవ్యానా వేసిన వాక్యమే మాకూ వెయ్యి," అన్నారు. తలుపు మీద ఐదు ముఖాలు. ఐదింటి కిందా ఒకటే పేరు.

అప్పుడు కదిలారు. బుర్నాస్కి కారు తలుపు తీస్తూ తీస్తూ అతనికి డిప్యూటీ అయి, అతను సోఫియా వెళ్ళాక మేయరు కుర్చీలో కూర్చున్నవాడు జెల్యాజ్కోవ్. ఒక మధ్యాహ్నం బేకరీకి వచ్చాడు. నెవ్యానా పిండి పిసుకుతోంది.

"అక్కా, నీ బాధ నాకు తెలుసు," అన్నాడు.

"తెలిస్తే చెప్పు."

జెల్యాజ్కోవ్ మాట మార్చాడు. "పాలరాతి స్మారకం కట్టిద్దామనుకుంటున్నాం. ఏటి ఒడ్డున. మీ చెల్లి పేరు అందరికంటే పైన. ఆ కాగితంలో ఒక్క లైను, అదొక్కటీ తీసేయ్. మనలో మనకెందుకు?"

"రాయి మీద ఏం రాస్తారు?"

"'దుర్ఘటనలో అసువులు బాసిన మన అక్కచెల్లెళ్ళకి' అని."

"ఎవరి హయాంలో అని రాస్తారా?"

జెల్యాజ్కోవ్ గోడ వైపు చూశాడు.

"మన ఊళ్ళో కుళాయి మీద కూడా రాస్తారు కదరా. గొడ్లు నీళ్ళు తాగే తొట్టి మీద రాశారు. ఐదుగురు పోయిన రాయి మీద రాయడానికి ఏమొచ్చింది? పాలపళ్ళప్పట్నుంచి నీకు రొట్టె పెట్టిన చేతులివి. నా ముందు ఈ మాటలు మాట్లాడకు. పో, పొయ్యి చల్లారిపోతోంది."

బతిమాలుడు పని చెయ్యలేదు కనుక అధికారం బయటికొచ్చింది. మర్నాడు ఇద్దరు కూలీల్ని పిలిచి తలుపు మీది కాగితాలు చింపమన్నాడు.

"మేం చింపం సార్," అన్నాడు పెద్దవాడు.

"జీతం తీసుకోవట్లేదా?"

"తీసుకుంటున్నాం. మా అమ్మ కాగితం ఇంకా స్తంభం మీదుంది. రేపు దాన్నెవడన్నా పీకితే నేనెవరికి చెప్పుకోను? తమరే చింపండి, మేం నిచ్చెన పట్టుకుంటాం."

"నిచ్చెన ఎందుకురా, కాగితాలు ఇంత ఎత్తులోనే ఉంటే," అన్నాడు రెండోవాడు. ఇద్దరూ కదల్లేదు. చౌకులో జనం చూస్తున్నారు. కూరగాయల కొట్టు దగ్గర జెల్యాజ్కోవ్ వాళ్ళమ్మ కూడా ఉంది, చేతిలో ఉల్లికాడల కట్టతో. కొడుకు చెయ్యి వైపే చూస్తూ నిలబడింది. ఆ చెయ్యి లేవలేదు.

చింపడం కుదరదు, ఉంచడం కుదరదు. దానికి మా మునిసిపాలిటీ కనిపెట్టిన ఉపాయం ఏమిటంటే, తలుపునే విప్పేయడం. కాగితాలతో సహా, ఐదుగురితో సహా, నూరేళ్ళ ఓక్ తలుపుని మడతబందుల నుంచి విప్పి, నలుగురు మోసుకుని వెనక గోదాములో నిలబెట్టారు. శవాన్ని మోస్తున్నట్టే మెల్లగా మోశారని చూసినవాళ్ళన్నారు. దాని చోట అల్యూమినియం ఫ్రేములో గాజు తలుపు బిగించారు. వంతెన తాడు మార్చనివాళ్ళకి తలుపు మార్చడానికి డబ్బు దొరికింది.

మర్నాడు పొద్దున్నే నెవ్యానా కొత్త కాగితాలు గాజు మీద అంటించింది. గాజు మీద జిగురు ఇంకా బాగా పట్టింది.

దాంతో జరిమానా వచ్చింది. కేటాయించిన బోర్డు మీద కాకుండా వేరేచోట కాగితాలు అంటించినందుకు రెండు వందల లెవా. నెవ్యానా ఆ కాగితం పట్టుకుని కౌంటరు దగ్గరికి వెళ్ళింది. "ఇది ఎవరు వేశారు?" అని అడిగింది.

"మునిసిపాలిటీ, అక్కా," అంది కౌంటర్లో అమ్మాయి.

"మునిసిపాలిటీకి చేతులుండవమ్మా. ఎవరి హయాంలో వేశారో పేరు రాసి సంతకం పెట్టించు. ఇప్పుడే కడతాను. డబ్బు తెచ్చాను." నిజంగానే తెచ్చింది, జేబురుమాల్లో కట్టి. ఆ అమ్మాయి లోపలికి వెళ్ళి చాలాసేపటికి వచ్చింది. సంతకం పెట్టేవాళ్ళు ఎవరూ లేరంది. నెవ్యానా రుమాలు మళ్ళీ ముడేసుకుని పనికి వెళ్ళిపోయింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఇలాంటి మనుషుల గురించి రాసేటప్పుడు 'క్షమాగుణం', 'మౌన వేదన' అని రాసే అలవాటొకటి ఉంది మనకి. నెవ్యానాలో క్షమాగుణం లేదు. ఆమె క్షమించలేదు, క్షమించే ఉద్దేశం లేదు, ఆదివారాలు పాదిరీ చెప్పినా లేదు. "క్షమించమని అడగనివాణ్ణి ఎలా క్షమిస్తారు గురువుగారూ? వాడు గుమ్మంలోకి రాకుండా కాఫీ పొయ్యమంటారేం?" అని అడిగిందట. ఆయన మళ్ళీ ఆ ఊసెత్తలేదు. ఆమెకి కావలసింది ఓదార్పు కాదు. ఆ మనిషి నోటితో ఆ మాట. పలక మీద ఇత్తడి అక్షరాల్లో ఉండి రాత్రికి రాత్రి మాయమైన ఆ రెండు ముక్కలు: నా హయాంలో.

ఏడాది తిరిగింది. ఎన్నికలొచ్చాయి. మా దేశంలో ఎన్నికలు పడిశంలా వస్తుంటాయి. బుర్నాస్కి పార్లమెంటుకి నిలబడి, సొంత ఊరని మా ఊరికి వచ్చాడు. సాంస్కృతిక భవనం ముందు ఎప్పట్లాగే స్వాగతం. ఎప్పట్లాగే రొట్టె బేకరీకి చెప్పారు. ఇదీ వాళ్ళు చేసిన పొరపాటు. ఊళ్ళో అదొక్కటే బేకరీ, ఆ పొయ్యి దగ్గర ఉన్నది ఎవరో మర్చిపోయారు. మంత్రులకి రొట్టె ఎక్కణ్ణుంచో వస్తుంది, ఎవరో కాలుస్తారు. అంతకు మించి వాళ్ళెప్పుడూ ఆలోచించలేదు.

నెవ్యానా రొట్టె తనే మోసుకొచ్చింది. ఎర్ర దుస్తుల అమ్మాయి చేతులు చాపితే, "బరువమ్మా, వేడిగా ఉంది, నేను పట్టుకుంటాలే," అంది. నల్ల బట్టలు, నల్ల తలగుడ్డ. మా ఊళ్ళో సగంమంది ఆడవాళ్ళు అలాగే ఉంటారు కనుక ఎవరికీ అనుమానం రాలేదు. బుర్నాస్కి నవ్వుతూ వచ్చి, పెద్ద ముక్క తుంచి, ఉప్పు కోసం చూశాడు. ఉప్పు లేదు. కెమెరాలున్నాయి కనుక ఊరికే నోట్లో పెట్టుకున్నాడు.

"ఉప్పు లేదేం?" అన్నాడు నములుతూనే, సరదాగా.

"చనిపోయినవాళ్ళ రొట్టెకి ఉప్పు పెట్టం కదండీ," అంది నెవ్యానా. "ఇవాళ్టికి ఏడాది."

మా ఊళ్ళో సంవత్సరీకం రొట్టె తీసుకున్నవాడు పోయినవాళ్ళ పేరు చెప్పి, దేవుడు మన్నించాలి అనాలి. చెప్పకుండా మింగకూడదు. చిన్నపిల్లలకి కూడా తెలుసు. బుర్నాస్కి కూడా ఈ ఊళ్ళోనే పెరిగాడు. దవడ ఆగిపోయింది.

"పేరు చెప్పండి," అంది నెవ్యానా.

అతనికి పేరు తెలియదు. ఏడాదిగా తన పేరుకి పైన వేలాడుతున్న పేరు అతనికి తెలియదు. జెల్యాజ్కోవ్ వెనక నుంచి గుసగుసగా, "యోర్దాంకా, యోర్దాంకా" అన్నాడు. మైకు పనిచేస్తోంది. ఆ గుసగుస చౌకంతా వినపడింది. ఎవరో వెనక వరసలో పళ్ళమధ్య నుంచి, "రేడియోలో కూడా చెప్పించు నాయనా," అన్నారు.

"యోర్దాంకాని దేవుడు మన్నించాలి," అన్నాడు బుర్నాస్కి, ముక్క మింగి.

"ఇంకా నలుగురున్నారు. రొట్టె ఇంకా ఉంది."

"అమ్మా, మీ బాధ నేను అర్థం చేసుకోగలను. ఇది రాజకీయాలకి సందర్భం కాదు."

"మీరు ఓట్లకి వచ్చారు. నేను రొట్టె తెచ్చాను. ఇద్దరిలో రాజకీయం ఎవరిదండీ? సరే, పేర్లొద్దు. ఒక్కటి చెప్పండి. ఆ వంతెన ఎవరి హయాంలో కట్టారు?"

"నేను ఇంజనీర్ని కాను. నేను వంతెనలు కట్టను."

"మరి పలక మీద ఇంజనీరు పేరు లేదేం?"

జనంలో నవ్వు కాదు, దానికి దగ్గరగా ఏదో చప్పుడు. కూరగాయల కొట్టు దగ్గర జెల్యాజ్కోవ్ వాళ్ళమ్మ, "చెప్పవయ్యా, రొట్టె తిన్నావుగా," అంది. బుర్నాస్కి మెడ ఎర్రబడింది. ఓపిక నటించడంలో ఇరవయ్యేళ్ళ అనుభవం ఉన్నవాడు. కానీ ఒక పొయ్యి దగ్గరి ఆడది జనం ముందు దారి అడ్డగించడం అతనికి అలవాటు లేదు.

"నా హయాంలోనే. అయితే ఏంటి?" అన్నాడు.

ఆ 'అయితే ఏంటి' కూడా మైకులో పడింది. ఆ సాయంత్రం టీవీలో మళ్ళీ మళ్ళీ వేశారు. నెవ్యానా మాత్రం, "అంతే. అదే వినాలని వచ్చాను," అని రొట్టె పట్టుకుని జనంలోకి తిరిగింది. మిగతా ముక్కలు పంచింది. తీసుకున్న ప్రతివాళ్ళూ ఐదు పేర్లూ చెప్పారు, ఎవరూ అందించకుండానే.

గెలిచిందని చెప్పి ముగించను. మా ఊళ్ళో బుర్నాస్కికి పడిన ఓట్లు అతని చుట్టాల లెక్కకి కూడా రాలేదు, కానీ మా దేశంలో సీట్లు పార్టీ జాబితా వరసలో వస్తాయి, అతను జాబితాలో పైన ఉన్నాడు కనుక పార్లమెంటుకి వెళ్ళాడు. గింజలు నమిలే ప్రాసిక్యూటరు ఇక తప్పక, అతని మీద విచారణకి అనుమతి కోరుతూ పార్లమెంటుకి రాశాడు. ఆ అనుమతి మీద ఓటు ఇంకా జరగలేదు. ఎప్పుడు అడిగినా అజెండాలో ఉందంటారు. ఇన్‌స్పెక్టరుకి శిక్ష పడింది, పై కోర్టులో ఉంది. ఓక్ తలుపు గోదాములోనే ఉంది. స్పాస్ లైసెన్సు రెన్యూ అయింది, రెండుసార్లు తిప్పించుకున్నాక. రోడ్డు మీద గుంట పడితే మా ఊళ్ళో ఇప్పుడు బూతులు తిట్టరు, "ఎవరి హయాంలో?" అంటారు. నెవ్యానా ఆరు నెలలకోసారి గాజు తలుపు తుడిచి, కొత్త కాగితం అంటించి పనికి వెళ్తుంది.

ఆ వంతెన విషయంలో డబ్బు కట్టమని ప్రభుత్వం ఇంతవరకు ఆజ్ఞాపించింది ఒక్క నెవ్యానా తోషెవానే. కంట్రాక్టరుని అడగలేదు, బుర్నాస్కిని అడగలేదు. ఈ మధ్య దేశంలో నోట్లు మారి లెవా పోయి యూరో వచ్చాక ఆ జరిమానాని కూడా మార్చి మళ్ళీ పంపారు. నూట రెండు యూరోల ఇరవై ఆరు సెంట్లు. కింద సంతకం లేదు. ఆమె ఇంకా కట్టలేదు.